బావ అనే మాట

కరోనా ఆంక్షలు పూర్తిగా తీసేసిన ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాకు రక్షణ అధికారిగా వేశారు. గృహహింస చట్టం కింద ఇలాంటి ఉద్యోగం ఒకటుందని మా బంధువులకే తెలియదు. దెబ్బలు తిన్న స్త్రీ చెప్పింది రాసి మేజిస్ట్రేటుకు పంపడం, ఆమెకు చోటు, వైద్యం, వకీలు చూడటం, కోర్టు ఉత్తర్వు అమలవుతోందో లేదో కనిపెట్టడం మా పని. మేం పోలీసులం కాదు. చేతిలో లాఠీ ఉండదు, జీపు కూడా అడిగితేనే వస్తుంది, ఒక్కోసారి అడిగినా రాదు.

హోసూరు వైపు వాళ్లకు భాషల విషయంలో కాస్త గర్వం. నేనూ అక్కడిదాన్నే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మాట రాక పని ఆగడమంటే ఏమిటో మేమెరగం. ఫ్యాక్టరీలకు ఉత్తరాది వాళ్లు వచ్చాక కూడా ఎవరో ఒకరు మాట కలిపేస్తారులే అని ధీమాగా ఉన్నాం.

సూళగిరి పారిశ్రామికవాడ పక్కన వరస ఇళ్లలో ఒకామె ఉండేది. సునీత అనుకుందాం. నేపాల్ మైదానాల్లో పుట్టి, బీహారు అబ్బాయిని పెళ్లాడి, నాలుగేళ్ల కూతురితో ఇక్కడికి వచ్చింది. ఆమెకు వచ్చింది భోజ్‌పురి ఒక్కటే. భర్త కొట్టి చెయ్యి విరగ్గొడితే, గులాబీ పూలు పెంచే షెడ్లో ఆమెతో పనిచేసే మునెమ్మ హోసూరులోని ఒక స్వచ్ఛంద సలహా కేంద్రానికి తీసుకుపోయింది. అక్కడి కౌన్సెలర్ విజయమ్మ మంచి మనిషి. సైగలతో ఎంతసేపని తంటాలు పడుతుంది? అంతలో ఒకాయన వెతుక్కుంటూ వచ్చి, తాను ఆమె భర్తకు అన్ననని, ఫ్యాక్టరీలో మేస్త్రీనని వచ్చీరాని తమిళంలో చెప్పాడు. ఆయన్నే దుభాషిగా కూర్చోబెట్టారు. స్నానాల గదిలో జారిపడిందని, ఇంటికి పోతానంటోందని ఆయన తమిళంలో చెప్పాడు. ఆమె తల వంచుకుని ఊరుకుంది. ఆయన వెంటే పంపేశారు.

అలాంటి కేంద్రాలు తమ దగ్గరికి వచ్చిన ప్రతి కేసునూ మాకు తెలియజేయాలి. విషయం విన్నాక నాకు ఒంటికి కారం రాసినట్టయింది. విజయమ్మకు ఫోన్ చేశాను.

“బావ వరసాయన మేడమ్, తానే ఎతుక్కుంటా వచ్చినాడు. ఆయమ్మ కొంగు కప్పుకోని గోడ పక్కకి తిరుక్కునింది. సిగ్గనుకున్నాను. బావ కాడ దాచేదేముండాదిలే అనుకున్నాను,” అంది.

ఆమెను తిట్టడానికి నోరు రాలేదు. మనకు అక్క మొగుడూ బావే, మేనత్త కొడుకూ బావే, మొగుడి అన్నా బావే. ఆ వరస వినగానే సగం చనువు, సగం నవ్వు. కష్టం వస్తే బావకు చెప్పుకున్న ఆడవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే ఒక బీహారీ నర్సును వెంటబెట్టుకుని సూళగిరి వెళ్లాను. సునీత ఆమెను చూసి, ఊరి మాట విని, ఏడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. మొన్న ఎందుకు చెప్పలేదని అడిగించాను. “భసుర్ ముందు నోరెలా తెరుస్తాను?” అంది. నర్సు నావైపు జాలిగా చూసి వివరించింది. భసుర్ అంటే భర్త అన్న. వాళ్లలో తమ్ముడి భార్య ఆయన కంట పడకూడదు, ఆయన ముందు గొంతు వినిపించకూడదు. మేం నోరు విప్పించడానికి కూర్చోబెట్టిన మనిషి, ఉన్నాడంటేనే ఆమె నోరు మూతపడే మనిషి.

అసలు నష్టం అప్పటికే జరిగిపోయింది. ఇంటి గుట్టు బయటికి పొక్కిందని తెలిసి, ఆ భసుర్ సలహా కేంద్రానికి వచ్చి వెళ్లిన మరునాడే పాపను రైలెక్కించి తన ఊరికి తీసుకుపోయాడు. నీవు నేపాలీదానివి, గొడవ చేస్తే నిన్ను సరిహద్దు దాటించేస్తారు, బిడ్డ మాదే అని భర్త బెదిరించాడు. ఈ చట్టం ఏ దేశం అని అడగదని, నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేరని చెప్పాను. నమ్మినట్టే కనిపించింది.

ఆమెను కృష్ణగిరిలోని ఆశ్రయ గృహంలో ఉంచి, కోర్టులో అర్జీ వేయించాం. భర్త ఆమె దగ్గరికి రాకూడదని, పాపను తల్లికి అప్పగించాలని మేజిస్ట్రేటు అన్నారు. కాగితం మీద గెలిచాం. ఉత్తర్వు అందేలోపే భర్త కూడా ఊరికి పోయాడు, ఇక అది అమలు కావలసింది బీహారులో, అక్కడి నావంటి అధికారి ద్వారా. ఆ చిరునామాలో ఎవరూ లేరని జవాబు వచ్చింది. మళ్లీ రాశాం, మళ్లీ అదే మాట. ఆశ్రయ గృహానికి ఆమెను చూడటానికి వచ్చినప్పుడల్లా మునెమ్మ నన్ను నిలేసేది. “బిడ్డ ఆడుండాది, మీ ఉత్తర్వు ఈడుండాది. దాన్ని పెట్టుకోని ఈయమ్మ ఏం చేసేదమ్మా?”

ఒకనాడు సునీత వెళ్లిపోతానంది. భర్త దగ్గరికి కాదు, బిడ్డ దగ్గరికి. ఆ రెండూ ఒకే ఇల్లని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మేజరైన స్త్రీని ఆపే అధికారం మాకు లేదు, ఉండకూడదు కూడా. మునెమ్మ చపాతీలు కట్టిచ్చింది. నా నంబరు నర్సు చేత ఆమెకు కంఠతా పట్టించాను. ఆ ఫోన్ రాలేదు. పదవీ విరమణ తర్వాత కూడా నంబరు మార్చలేదు. కొత్త నంబరు మోగితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి ఎత్తుతాను.

ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్లూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. దుభాషి ఎవరైనా సరే, బయట కూర్చోబెట్టి, ముందు ఆ భాష వచ్చిన మరొకరి చేత ఫోనులో ఆ స్త్రీని ఒక్కటే అడిగించేదాన్ని: ఈ మనిషిని నువ్వు ఏమని పిలుస్తావు? కొత్తగా చేరిన వాళ్లకూ అదే నేర్పాను.

సునీత రైలెక్కిన రోజున ఆమెనూ అదే అడిగించాను, భసుర్‌ను ఏమని పిలుస్తావని. “ఆయన్ని పిలవకూడదు,” అంది.

ఆ మాట మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే, ఆమెను ఆయన వెంట పంపేవాళ్లు కాదు, పాప తల్లి దగ్గరే ఉండేది.