రెండు నెలలు దాచిన రిపోర్టు

2012 జులైలో ఒక ఉదయం, డ్యూటీకి బయలుదేరే ముందు పళ్ళు తోముకుంటుంటే నాలుక కింద ఏదో గరుకుగా తగిలింది. అద్దంలో చూశాను. తెల్లటి మచ్చ, చుట్టూ సన్నటి ఎర్ర గీత. కుడి చెంప లోపల ఇంకొకటి, గొంతు దగ్గర మూడోది. మంట లేదు, నొప్పి లేదు.

అదే సమయంలో వంటగదిలోంచి నవ్వులు వినిపించాయి. నా భార్య లావణ్య, ఆమె బావ శ్రీశైలం. ఆయన పొద్దున్నే మక్క కంకులు తెచ్చాడు.

"ఏందే మరదలా, తమ్మి ఇంకా అద్దం ఇడుస్తలేడు? కొత్త పెళ్ళికొడుకుకు సోకు జర ఎక్కువైంది."

"నువ్వు అద్దం జూస్తే భయపడ్తవ్ గద బావా, గాయిననన్న చూసుకోనీ."

ఆ రోజు నాకు మచ్చల కంటే ఆ నవ్వే ఎక్కువ బాధ పెట్టింది. మొదటే నిజం చెప్తున్నాను, ఎందుకంటే నా జబ్బు కథలో సగం అసూయ కథే.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఎయిర్‌పోర్టులో సామాన్ల కన్వేయర్ బెల్టులు చూసుకునే ఒక కాంట్రాక్టు కంపెనీలో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. శంషాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. పెళ్ళయి రెండు నెలలు. శ్రీశైలం లావణ్యకు మేనమామ కొడుకు. ఇల్లు కొత్వాల్‌గూడలో, ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. లావణ్యను ఆయనకే ఇస్తారని చిన్నప్పటి నుంచి ఇంట్లో అనుకున్నారు. ఆయన వేరే అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు, లావణ్యను నాకిచ్చారు. బావామరదళ్ళ పరాచికాలు మా వైపు ప్రతి ఇంట్లో ఉండేవే. ఆ వరసన ఆయన నాకు అన్న అవుతాడు. ఇవన్నీ తెలుసు. కానీ లావణ్య నా మాటకు ఒక్కసారి కూడా అంత గట్టిగా నవ్వలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టే నాకు దక్కిందన్న మాట లోపల ముల్లులా ఉండేది.

మందుల షాపులో బీ కాంప్లెక్స్ మాత్రలు, నోటికి రాసుకునే జెల్ ఇచ్చారు. మా వీధి ఆర్‌ఎంపీ "ఒంట్ల వేడి జేసింది, మజ్జిగ తాగు" అన్నాడు. రెండు వారాలు తాగాను. మచ్చలు తగ్గలేదు సరికదా, మెడ కింద గడ్డలు తగిలాయి, అరచేతుల్లో రాగి రంగు చుక్కలు వచ్చాయి. చివరికి పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నోరు చూసి, మెడ తడిమి, చేతులు తిప్పి చూశాడు.

"ఇది పళ్ళ కేసు కాదు. గవర్నమెంట్ హాస్పిటల్‌లో స్కిన్ ఓపీకి వెళ్ళండి. ఇవాళే వెళ్ళండి."

స్కిన్ ఓపీలో ఒక లేడీ డాక్టర్. గ్లవ్స్ వేసుకుని, టార్చ్ పట్టి నోరంతా చూసింది. వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ, హెచ్‌ఐవీ, మూడు రక్త పరీక్షలు రాసింది. రెండు రోజుల తర్వాత రిపోర్టు చేతికొచ్చింది. హెచ్‌ఐవీ నెగటివ్. వీడీఆర్‌ఎల్ రియాక్టివ్, రక్తంలో జబ్బు జోరు ఎంతో చెప్పే టైటర్ 1:64. టీపీహెచ్‌ఏ పాజిటివ్.

"సిఫిలిస్. నోట్లో ఉన్నవి మ్యూకస్ ప్యాచెస్. పూర్తిగా నయమవుతుంది, భయపడకు" అంది. తర్వాత అడిగింది: "పెళ్ళయిందా?"

నా వెనక లైనులో నలుగురు నిలబడి ఉన్నారు. "లేదు మేడం" అన్నాను.

"ఈ ఆరు నెలల్లో ఎవరితోనైనా సంబంధం ఉందా? నోటితో అయినా సరే, అదీ లెక్కే."

తల అడ్డంగా ఊపాను.

"ఇంతకు ముందు నొప్పి లేని పుండు ఏదైనా వచ్చి తగ్గిందా?"

"లేదు మేడం." ఇది మాత్రం అబద్ధమని నాకు తెలియదు. నిజంగానే గుర్తు లేదు.

ఆమె నన్ను నిదానంగా చూసింది. "రిపోర్టు ఇంకోలా చెప్తోంది. ఎవరున్నా వాళ్ళకూ టెస్ట్ చేయాలి, ట్రీట్‌మెంట్ ఇవ్వాలి. లేకపోతే నీకు మళ్ళీ వస్తుంది, వాళ్ళకు ముదురుతుంది. చెప్పాలనిపించిన రోజు రా."

మొదట టెస్ట్ డోస్ ఇచ్చి అరగంట కూర్చోబెట్టారు. తర్వాత బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, సగం ఒక పిరుదుకు, సగం రెండో పిరుదుకు. మందు చిక్కగా ఉంటుంది, దిగుతుంటే కాలు మొత్తం గుంజుతుంది. సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. నర్సు ముందే చెప్పింది, మందు పని మొదలుపెట్టినప్పుడు ఒక రోజు అలా ఉంటుందని. మర్నాటికి తగ్గింది. పది రోజుల్లో నోరు శుభ్రపడింది.

జబ్బు తగ్గుముఖం పట్టింది. నా అసూయ పట్టలేదు.

ఫోన్‌లో చదివాను: అంటుకున్న తర్వాత పుండు రావడానికి పది నుంచి తొంభై రోజులు. మా పనిలో బెల్టు ఆగితే వెనక్కి వెళ్తాం. మోటార్, సెన్సర్, కేబుల్, ఒక్కొక్కటి కొట్టివేస్తూ లోపం ఎక్కడుందో పట్టుకుంటాం. ఇక్కడా అదే చేశాను. జులై నుంచి తొంభై రోజులు వెనక్కి వెళ్తే ఏప్రిల్. ఆ మధ్యలో నా జీవితంలో ఉన్నది లావణ్య ఒక్కతే. ఫిబ్రవరిలో కంపెనీ పని మీద పుణె ట్రైనింగ్‌కు వెళ్ళినప్పుడు ఒకామెతో పరిచయమైన మాట నిజమే, అది నోటి వరకే జరిగింది. కానీ అది తొంభై రోజుల బయట ఉంది. కొట్టేశాను. ఇక మిగిలింది లావణ్య. లావణ్య వెనక ఎవరు? జవాబు నా దగ్గర ముందే సిద్ధంగా ఉంది.

ఆ రోజు నుంచి ఆమెను ముట్టుకోలేదు. శ్రీశైలం వచ్చిన రోజులు ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. తేదీ, వచ్చిన టైము, పోయిన టైము, ఏం తెచ్చాడు. ఆయన తెచ్చిన కంకి ఆమె తినకపోతే ఊపిరి తీసుకునేవాణ్ణి, తింటే రాసుకునేవాణ్ణి.

ఒకసారి శ్రీశైలమే అడిగాడు. "ఏం తమ్మీ, ఎయిర్‌పోర్టుల సూట్‌కేస్ తప్పిపోయినోళ్ళ లెక్క మొకం పెట్టినవ్? ఏమన్న పరేషానా?"

"ఏం లేదన్నా, డ్యూటీ ఎక్కువైంది" అన్నాను. ఆయన పోయిన టైము రాసుకున్నాను.

ఆగస్టులో లావణ్యకు నెల తప్పింది. ఆమె సంతోషంగా చెప్పింది. నేను మనసులో వారాలు లెక్కపెట్టాను. అదే నెల చివర ఆమె అరచేతులు నా ముందు చాపింది. "ఇగో, జర చూడు, గీ మచ్చలేంది?" నా చేతుల మీద వచ్చిన చుక్కలే. నేను ఆ క్షణంలో అనుకున్నది, 'దొరికింది' అని. పైకి అన్నది, "కొత్త సబ్బు పడలేదేమో."

ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

సెప్టెంబర్ చివర, మూడో నెలలో, దగ్గరి ప్రభుత్వ దవాఖానలో గర్భిణులకు చేసే రక్త పరీక్షలన్నీ ఆమెకూ చేశారు. అందులో వీడీఆర్‌ఎల్ కూడా ఉంటుంది. రియాక్టివ్ వచ్చింది. భర్తను తీసుకుని సిటీలో స్కిన్ ఓపీకి వెళ్ళమని రాసిచ్చారు. ఎందుకో ఆమెకు తెలియదు. బస్సులో పక్కన కూర్చుని, "బిడ్డకేం గాదు గద?" అని మూడుసార్లు అడిగింది. నేను జేబులోని తేదీల కాగితం తడుముకుంటూ కూర్చున్నాను.

అదే డాక్టర్. నన్ను గుర్తుపట్టింది.

"పెళ్ళి కాలేదన్నావు?"

లావణ్య నా వైపు తిరిగింది. "నువ్వు ఈడికి ముందే వచ్చినవా?"

నేను జవాబు చెప్పకుండా కాగితం తీసి డాక్టర్ ముందు పెట్టాను. "మేడం, తొంభై రోజులు వెనక్కి లెక్క వేశాను. నా నుంచి కాదు. ఇదిగో, ఇతను వచ్చిన రోజులు."

డాక్టర్ కాగితం ముట్టుకోలేదు. రిజిస్టర్‌లో నా పాత వివరాలు తీసి చూసింది. "నువ్వు లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టావు?"

"జులై నుంచి. నోట్లో మచ్చలు వచ్చిన రోజు నుంచి."

"అది రెండో దశ. తొంభై రోజుల లెక్క మొదటి పుండుకు. మొదటి పుండు అంతకు కొన్ని వారాలో నెలలో ముందే వచ్చి ఉంటుంది. గట్టిగా, నొప్పి లేకుండా, ఒక్కటే. పెదవి మీద, నాలుక మీద. ఆలోచించు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్."

అప్పుడు గుర్తొచ్చింది. మార్చిలో కింది పెదవి మీద చిన్న పుండు, బటన్‌లా గట్టి అంచు. మూడు వారాలు ఉండి దానంతట అదే మానింది. వైరు తొడుగు తీయడానికి నా టూల్ బ్యాగులో పరికరం ఉంది, కానీ తొందరలో మేమందరం పళ్ళతోనే లాగుతాం. పెదవి కోసుకుపోవడం మాకు మామూలు. అది కూడా రాగి తీగ గీరిందే అనుకున్నాను. గాయం అనుకున్నాను కాబట్టి ఆమె 'పుండు' అని అడిగినప్పుడు లేదన్నాను.

మార్చి నుంచి వెనక్కి లెక్క వేస్తే ఫిబ్రవరి. పుణె.

డాక్టర్‌కు అంతా చెప్పాను, లావణ్య వింటుండగానే. నోటి ద్వారా కూడా వస్తుందని, నోట్లో మచ్చలున్నప్పుడు ముద్దుతో కూడా అంటుకోవచ్చని, పళ్ళెం, గ్లాసు, కలిసి తినడం వల్ల రాదని డాక్టర్ మా ఇద్దరికీ వివరించింది. నా నుంచే లావణ్యకు వచ్చింది. అప్పటికి లావణ్య ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. పదకొండు వరసలు. మొత్తం చదివింది.

"బావ వచ్చిన రోజులన్నీ రాసినవ్. నా చేతులకు మచ్చలైన రోజు రాయలే." గొంతు పెంచలేదు. "నీకు తెలుసు గద అవేందో. తెలిసి సబ్బన్నవ్. నన్ను అనుమానించినవ్, సరే. కడుపుల ఉన్నదాన్ని గూడ మందు లేకుంట ఎండబెట్టినవా?"

డాక్టర్ ఆమెకే చెప్పింది: "అమ్మా, మూడో నెలలోనే దొరికింది. ఇప్పుడు ఇంజెక్షన్ ఇస్తే మందు బిడ్డకూ అందుతుంది. ఆలస్యమైతే కడుపు పోవచ్చు, బిడ్డ జబ్బుతో పుట్టొచ్చు. ముందు ఇది చేద్దాం. కొట్లాట ఇంటికి పోయాక."

"ఇయ్యిండ్రి మేడం" అంది లావణ్య.

ఆమెకు టైటర్ 1:32. గర్భం కాబట్టి వారం తేడాతో రెండు డోసులు రాసింది. నా రక్తం మళ్ళీ తీసుకున్నారు, 1:16కు దిగింది. ఆ సాయంత్రమే పుణె నంబరుకు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆమె "సరే, చూపించుకుంటాను" అని పెట్టేసింది.

మర్నాడు లావణ్య బాలాపూర్‌లో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. శ్రీశైలం క్యాబ్‌లోనే. నాకు ఫోన్ వచ్చింది.

"తమ్మీ, మరదల్ని దింపిన. ఏమైందని నేనడగలే, ఆమె చెప్పలే. గాని మంగళారం దవాఖానకు పోవాల్నంట. నువ్వే రా. నేను తోలుకపోతే అది మంచిగుండదు."

కాగితం మీద నేను రాసిన మనిషికి, ఈ మాట అన్న మనిషికి పోలిక లేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు మళ్ళీ అసూయే వచ్చింది. నా భార్యతో ఎలా మసలాలో నాకంటే ఆయనకు బాగా తెలుసన్న అసూయ.

మంగళవారం వెళ్ళాను. లావణ్య గడపలోనే నిలబడి ఉంది. దారిలో ఒక్కటే మాట అంది. "సూది కోసం వస్తున్న, నీ కోసం గాదు." సూది పడ్డాక నొప్పికి నా భుజం పట్టుకుంది. నొప్పి తగ్గాక వదిలేసింది. ఆమె శంషాబాద్ ఇంటికి తిరిగి రావడానికి ఏడో నెల దాకా పట్టింది.

పాప 2013 మార్చి చివర పుట్టింది. పుట్టిన రోజే దానికీ పరీక్ష చేశారు. తల్లి కంటే తక్కువ టైటర్. తల్లి రక్తం నుంచి వచ్చినదే కావచ్చు, తగ్గుతుందో లేదో చూడాలన్నారు. మూడో నెలలో తగ్గింది. ఆరో నెలలో నాన్ రియాక్టివ్. ఆ కాగితం మీద ఆ మాట చూసి లావణ్య దవాఖాన మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. పాపను నా చేతికిచ్చి ఏడ్చింది.

ఇప్పుడు 2014. నా టైటర్ ఏడాది తిరిగేసరికి 1:2, ఆ తర్వాత నాన్ రియాక్టివ్. లావణ్యదీ అంతే. టీపీహెచ్‌ఏ మాత్రం ఎప్పటికీ పాజిటివ్‌గానే ఉండొచ్చని, దానర్థం జబ్బు ఉందని కాదని డాక్టర్ చెప్పింది. శ్రీశైలం ఇప్పటికీ వస్తాడు. వాళ్ళు నవ్వుకుంటే నాకు ఇప్పటికీ గుండెలో పట్టేసినట్టవుతుంది. దానికి ఏ ఇంజెక్షనూ లేదు. కాకపోతే లోపల దాచుకోవడం మానేశాను. ఆయన వెళ్ళాక లావణ్యతో చెప్పేస్తాను. ఒకోసారి తిడుతుంది. ఒకోసారి, "గంత కుళ్ళు పెట్టుకోని నిద్రెట్ల వడ్తది నీకు?" అని నవ్వుతుంది.

చదువుతున్న వాళ్ళకు ఒక్కటే చెప్తాను. నోట్లో గానీ పెదవి మీద గానీ నొప్పి లేని పుండు రెండు వారాలు దాటితే, కారణం మీరే తేల్చుకోకుండా స్కిన్ ఓపీలో చూపించండి. రియాక్టివ్ అని వస్తే అదే రోజు ఇంట్లో మనిషికి చెప్పి వెంట తీసుకెళ్ళండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నది తర్వాత ఎప్పుడైనా తేల్చుకోవచ్చు. సూది మాత్రం ఇద్దరికీ ఒకే రోజు పడాలి.