లిఫ్టు కింది అత్తయ్య

ఊహాశక్తితో చదువు చెప్పడం ఎలాగన్న విషయం మీద పరిశోధించే బృందంలో చేరేనాటికి ఆమె చాలా ఏళ్లుగా చిన్న తరగతుల టీచరు. సెలవు పెట్టి మరీ విశ్వవిద్యాలయానికి వచ్చింది. అక్కడ అందరూ ఆమెను ‘టీచర్’ అనే పిలిచేవారు. మొదట్లో అది మర్యాద అనుకుని మురిసిపోయింది. వాళ్లు తమలో తాము పేర్లతో పిలుచుకుంటున్నారని కొంతకాలానికి గాని గమనించలేదు.

చేరిన రోజున కొత్తవాళ్లు ముగ్గురిని పొడవాటి బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. బోర్డు మీద పాతవాళ్లు గీసిన బాణాల గుర్తులు సగం చెరిగి ఉన్నాయి. ఏసీ నుంచి కారే నీళ్ల కోసం మూలన బకెట్ పెట్టారు. ఇక్కడికెందుకు వచ్చారో చెప్పమని బృందాన్ని నడిపే మేడమ్ ఒక్కొక్కరినీ అడిగింది. అందరిలోకీ చిన్నదైన అమ్మాయి ఊపిరి తిప్పుకోకుండా దంచేసింది. ఆ రోజునుంచే ఆమెకు ‘ఉపన్యాసం’ అన్న పేరు స్థిరపడింది. రెండో అతను నాలుగు ముక్కలు చెప్పి ల్యాప్‌టాప్ వెనక దాక్కున్నాడు. టీచర్ వంతు వచ్చేసరికి రాత్రంతా బట్టీపట్టిన సిద్ధాంతాలన్నీ ఎటో ఎగిరిపోయాయి.  ఏం చెప్పాలో తోచక తన కూతురి సంగతి చెప్పింది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. లిఫ్టు పైకి వెళ్లిపోయాక కింద మిగిలే గుంటలో ఎవరుంటారని ఆరేళ్ల కూతురు ఒకసారి తండ్రిని అడిగింది. ఆయన జవాబు చెప్పేలోగా, ఒక అత్తయ్య ఉంటుందని తనే తేల్చేసింది. ఆవిడ ఉండే అంతస్తుకు లిఫ్టులో మీట లేదట. అందుకే ఎవరూ ఆవిడ ఇంటికి రారట. అప్పటినుంచి ఆయన ఇంటికి రాగానే చేతులకంటిన గ్రీజు కడుక్కుంటూ, “మీ అత్తయ్య కనపడిందే అమ్మలూ. మోకాళ్ల నొప్పులట, కాస్త నూనె రాసి వచ్చా” అనేవాడు. ఏ నూనె అని పిల్ల నిలదీసేది. తాళ్ల చక్రాలకు వేసేదేనని ఆయన చెబితే, అత్తయ్యకు ఆ వాసన పడదని కోప్పడేది. వాళ్లిద్దరి లోకం అది. వంటింట్లోంచి వింటూ తల్లి తనలో తను నవ్వుకునేది.

ఆమె చెప్పడం ముగించింది. మేడమ్ పెన్ను బల్ల మీద పెట్టి, “మీరు పరిశోధనకు అంశం వెతుక్కోనక్కర్లేదు. అది మీ ఇంట్లోనే ఉంది” అంది. ఉపన్యాసం ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రం టీచర్‌కు నేల మీద కాళ్లు నిలవలేదు.

ఇంట్లో ఫోన్ పెట్టి పిల్ల మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఎందుకని భర్త అడిగితే వివరించింది. ఆయన “దాని మాటలు దానికి వదిలెయ్యరాదూ” అన్నాడు.

“ఇవన్నీ మీకు తెలీవులెండి” అనేసింది టీచర్. అన్నాక నాలుక కరుచుకుంది. కానీ ఆ మాట అక్కడే పడి ఉంది, ఎవరూ తీయలేదు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తన గొంతు తను విని పిల్ల మొదట్లో గంతులేసింది. తర్వాత నోరు తెరిచే ముందు ఫోన్‌లో ఎర్రచుక్క వెలుగుతోందా లేదా అని చూసుకోవడం అలవాటైంది. అత్తయ్యకు కిరీటం వచ్చింది, గుర్రం వచ్చింది, టీవీ బొమ్మల్లో ఉండేవన్నీ వచ్చాయి. మేడమ్ అవన్నీ విని పెదవి విరిచింది. మొదటి కథలో ఉన్న ఒంటరితనం వీటిలో లేదనీ, ఎలాగైనా దాన్ని రాబట్టమనీ చెప్పింది. అన్నం పెడుతూ టీచర్ ఆ పనికే పూనుకుంది.

“అత్తయ్య ఒక్కతే ఉంటుంది కదా. ఎప్పుడూ ఏడవదా?”

పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోకుండా తల్లిని చూసింది.

“ఏడవాలా?” అని అడిగింది.

 టీచర్ అప్పటికైనా ఆపాల్సింది. ఆపలేదు. పిల్లను తీసుకురమ్మని మేడమ్ కబురు చేస్తే మంచి గౌను వేసి తీసుకెళ్లింది.

పిల్లను మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్లు నేలకందక ఊగుతున్నాయి. అత్తయ్య ఎలా ఉంటుంది, చీకట్లో ఏం చేస్తుంది, నీకు ఆవిడంటే జాలా, భయమా అని ఉపన్యాసం ముద్దుముద్దుగా అడుగుతూ పోయింది. కాసేపు జవాబులు చెప్పి పిల్ల ఆగిపోయింది.

“అత్తయ్యా లేదు, ఎవరూ లేరు. అమ్మ అడుగుతోందని చెప్తున్నా.”

రెండో అతను ఆ మాటను ల్యాప్‌టాప్‌లో టకటకా ఎక్కించాడు. మేడమ్ కోప్పడలేదు. చాక్లెట్ ఇచ్చి పిల్లను బయటికి పంపి, మిగతావాళ్లకు అదే ఒక పాఠంగా చెప్పింది. తల్లే పరిశోధకురాలైతే వచ్చే చిక్కు ఇదేననీ, ఈ రికార్డులు ఇక దేనికీ పనికిరావనీ తేల్చి చేతులు దులుపుకుంది. టీచర్ తల వంచుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం ఏమీ తెలియని భర్త ఎప్పటిలాగే చేతులు కడుక్కుంటూ మీ అత్తయ్య కనపడిందన్నాడు. పిల్ల అల్మారా మీదున్న ఫోన్ వైపు చూసింది.

“లిఫ్టు కింద ఉండేవి స్ప్రింగులు కదా నాన్నా. నువ్వే ఒకసారి చెప్పావు.”

ఆయన సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయాడు. భార్యను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండునని ఆమె చాలాకాలం అనుకుంది.

పనికిరావన్న ఆ రికార్డుల మీదే, పెద్దల ప్రశ్నలు పిల్లల ఊహను ఎలా చెడగొడతాయో ఉపన్యాసం వ్యాసం రాసింది. సదస్సులో అది చదివినప్పుడు హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. అందులో టీచర్ పేరు ‘ఒక తల్లి’. వెనక వరుసలో కూర్చుని ఆమె కూడా చప్పట్లు కొట్టింది. కొట్టకపోతే అందరూ తనవైపే చూస్తారనిపించింది.

పాఠ్యపుస్తకాల్లోని బొమ్మల మీద వేరే అంశం తీసుకుని, ఏళ్ల తరబడి ఈడ్చి, ఎట్టకేలకు పరిశోధన పట్టా తెచ్చుకుంది. ఈలోగా బడివాళ్లు సెలవు పొడిగించక ఆ ఉద్యోగం పోయింది. మేడమ్ దయతలచి బృందంలోనే తాత్కాలిక సహాయకురాలిగా ఉంచుకుంది. కొత్తవాళ్లకు గదులు చూపించడం, తాళాలివ్వడం, పరికరాలు వాడటం నేర్పించడం ఆమె పని.

ఒక ఏడాది చేరినవాళ్లలో కుర్రతండ్రి ఒకడున్నాడు. నిద్రపోయే ముందు తన కొడుకు తలగడతో పోట్లాడతాడని చెప్పాడు. మేడమ్ కళ్లు మెరిశాయి. నీళ్ల ఫిల్టరు దగ్గర అతను ఒంటరిగా దొరికినప్పుడు టీచర్ ఉండబట్టలేక అనేసింది.

“ఆ మాటలు ఇక్కడికి తేకండి బాబూ. ఇంట్లోనే ఉండనివ్వండి.”

అతను వినయంగా అలాగే అక్కా అన్నాడు. నేరుగా వెళ్లి మేడమ్ చెవిన వేశాడు.

మేడమ్ పిలిపించింది. “మీకు కలిసిరాలేదని ఇంకొకరికి అడ్డుపడటం ఏం బాగుంటుంది చెప్పండి?” అంది, చాలా నెమ్మదిగా. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది ఆమె ఉద్యోగ ఒప్పందం పొడిగించే నెల. పొరపాటయిందని చెప్పి బయటికొచ్చింది.

ఇంట్లో భర్త, కూతురు భోజనాలు చేస్తున్నారు. కూతురు ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చింది. మార్కులు బాగా తెచ్చుకుంటుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. జరిగింది వాళ్లకు చెప్పుకోవాలని టీచర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంకాస్త కూర కావాలా అని మాత్రం అడిగింది. ఇద్దరూ వద్దన్నారు.

మర్నాడు ఆ కుర్రతండ్రికి రికార్డరు వాడటం నేర్పమన్నారు. కంచాల చప్పుడు పడకుండా కొంచెం దూరంగా పెట్టాలనీ, వెలిగే చుక్క మీద నల్లటి పట్టీ అంటిస్తే పిల్లవాడు దాని సంగతి మరిచిపోతాడనీ ఓపిగ్గా చూపించింది. అతను అంతా రాసుకుని, “భలే ఉపాయం చెప్పారక్కా” అన్నాడు.