ఆల్చిప్ప లేని ముత్యాలు

ఆ రోజుల్లో నాకు నిటారుగా నిలిచే నడుము తప్ప వేరే ఆస్తి లేదు. గడీ పోయింది, భూములు పోయాయి, నాచారంలో మూడో అంతస్తు మీద రెండు గదుల అద్దె ఇల్లు మిగిలింది. అయినా మా బాపు పాలప్యాకెట్ కోసం కిందికి దిగాలన్నా ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవారు. నేను ఆయన కొడుకుని. షేర్ ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కున్నా మెడ వంచేవాణ్ణి కాదు. (ఉప్పల్ రోడ్డు పొడవునా మెట్రో స్తంభాల కోసం గుంతలు తవ్విన కాలం అది. పైకప్పు తగిలి లేచిన బొప్పి నా నడినెత్తిన ఇప్పటికీ ఉంది.)

మా ఇంట్లో టీవీ పక్కన ఎర్ర మఖమల్ గుడ్డ కింద జామకాయంత రాయి ఒకటి ఉండేది. నునుపు చేసిన ఒక ముఖం మీద ఆవగింజలంత గుండ్రటి గింజలు కిక్కిరిసి కనిపించేవి. అవి రాయిగా మారిన ముత్యాలనీ, దర్బారులో మా ముత్తాతకు బహుమానంగా ఇచ్చారనీ బాపు వచ్చిన ప్రతివారికీ చెప్పేవారు. మాకు మిగిలిన పరువంతా ఆ గుడ్డ కిందే ఉండేది.

జియాలజీ చదివాక ఉప్పల్ రోడ్డు మీద ఒక ప్రయోగశాలలో నాకు చిన్న ఉద్యోగం దొరికింది. అక్కడ రాతి పలకను గాజుకు అతికించి, వెలుతురు దూరేదాకా, అంటే వెంట్రుక కన్నా పలచగా అయ్యేదాకా, గరుకుపొడితో అరగదీస్తారు. ఆ పనిలో చెయ్యి తిరిగిన పెద్దాయనను అందరూ అరుగుడు మామ అనేవారు. కొత్తవాళ్ళు ముందు ఆయన దగ్గరే నేర్చుకోవాలి. నేను ససేమిరా అన్నాను.

"మా ఇంట్ల ఎవ్వరు రాళ్ళు అరగదియ్యలే."

"మా ఇంట్ల మాత్రం పుట్టంగనే రాయి చేతిల వెట్టిన్రా, దొరా?" అన్నాడు మామ. ఆ రోజు నుంచి నా పేరు దొర.

ఒకరోజు ప్రయోగశాల నడిపే మా మేడం (గుంటూరు వైపు ఆవిడ) సూక్ష్మదర్శినిలో పాతకాలపు సున్నపురాతిలోని గింజలు చూపించారు. "ఇవి ముత్యాలు కదా మేడం, మా ఇంట్ల ఉన్నయి" అన్నాను. మామ పకపకా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "ముత్యాలు కాకుంటే ఈ గదిల రాళ్ళన్నీ నేనే అరగదీస్త" అని శపథం చేశాను.

"రాసియ్యి మరి," అన్నాడు మామ.

"మా నోటి మాటే రాత."

అయితే అది తేల్చాలంటే రాయిని కొయ్యాలి. బాపును అడిగాను. "తీస్కపో. ముత్యాలని రుజువు చేస్కొని రా. కాకుంటే ఈ గుడ్డతోని మనకింక పనిలేదు" అన్నారు. గుడ్డను మాత్రం మడత పెట్టి టీవీ పక్కనే ఉంచుకున్నారు.

రాయి మీద ఆమ్లం చుక్క వెయ్యగానే బుస్సున పొంగింది. "ముత్యం గూడ గిట్లనే పొంగుతది!" అని విజయగర్వంతో చుట్టూ చూశాను.

"షాబాద్ బండ గూడ సున్నపు రాయే, అది గూడ పొంగుతది, దొరా. మా బాత్రూం నిండ ముత్యాలేనా?"

మామ ఒక పలక అరగదీసి ఇచ్చాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రతి గింజలోనూ నడుమ ఒక నలుసు, దాని చుట్టూ ఉల్లిపాయలా పొర మీద పొర. "ముత్యం కూడా ఇట్లనే కదా మేడం!" అన్నాను, ఆశ చంపుకోలేక.

"నిజమే నాయనా, కట్టిన తీరు ఒకటే. కానీ ముత్యాన్ని ఆల్చిప్ప కడుతుంది. వీటిని లోతులేని సముద్రంలో అలలు దొర్లించాయి. దొర్లేకొద్దీ నీళ్ళలోని సున్నం పొరలుగా పట్టింది. ఆ నల్లచారలు చూశావా? కంటికి కనపడని జీవుల జిగురు. అప్పటి సముద్రంలో ఏం కలిసుందో, మెగ్నీషియం ఎంతో, కాల్షియం ఎంతో, ఈ పొరల్ని బట్టే ఊహిస్తాం."

"ఆల్చిప్ప కట్టలేదని ఎట్ల చెప్తరు?"

"ఈ రాయి పుట్టేనాటికి లోకంలో ఆల్చిప్పే పుట్టలేదు బాబూ."

ఈసారి మామ నవ్వలేదు. గరుకుపొడి డబ్బా నా ముందుకు జరిపి, "షురూ జెయ్" అన్నాడు.

మాట అంటే మాటే. మేడం అదే రాయిలోంచి ఇంకో పలక అడిగారు. నేను నిటారుగా నిలబడే అరగదీశాను. అరగంటలో గాజు మీద ఏమీ మిగల్లేదు.

"మీ ముత్తాత సింక్ల వడి మూసీకి వోయిండు," అన్నాడు మామ. "జర నడుము వంచు, దొరా. వంచకుంటే రాయి ఒక్కదిక్కే అరుగుతది."

వంచలేదు. నాలుగు రోజుల్లో మరో మూడు పలకలు మూసీ దారి పట్టాయి. కోసినవాటిలో చివరి పలక మిగిలింది. ఆ రోజు తలుపు మూసి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, నడుము వంచాను. సాయంత్రానికి వెలుతురు దూరింది. ఒక్క గింజ కూడా పోలేదు. (మామ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడట. ఈ సంగతి ఆయన రిటైరయ్యే రోజున గాని చెప్పలేదు.)

కొయ్యగా మిగిలిన ముక్క తీసుకుని ఇంటికి వెళ్ళి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చొక్కా గుండీలు సరిచేసుకుని, "అంటే ఆల్చిప్పల కన్న ముందటిదా?" అన్నారు.

"అవును బాపు."

"మరి గట్ల చెప్పు! మనది ఎన్నడన్న నిన్న మొన్నటి ఖాందానా?" అంటూ మిగిలిన ముక్క మీద మఖమల్ గుడ్డ కప్పేశారు.

ఇప్పుడు అరుగుడు బల్ల నాదే. వంగి వంగి నడుం పట్టేస్తుంది, లేచేటప్పుడు బల్ల పట్టుకోవాలి. కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా నిలువుగా నిలబడి రాయి పట్టుకుంటే మాత్రం నేనేమీ అనను. గరుకుపొడి డబ్బా ముందుకు జరిపి, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడతాను.