ఎక్కే పక్క సుడి

మా అశోక్‌నగర్ గల్లీలో నన్ను గుర్రాల పెళ్లిళ్ల పేరయ్య అంటారు. ముఖం మీదే అంటారు. ఆడమనిషిని పేరయ్య అనడమేమిటని ఒక్కరికీ తోచదు. నారాయణగూడలో ఒక పశువుల డాక్టరు దగ్గర రికార్డులు రాసే ఉద్యోగం నాది. ఆయన మలక్‌పేటలో రేసు గుర్రాలకు కూడా వైద్యం చేస్తారు. పరుగు అయిపోయిన గుర్రాన్ని ఏం చేయాలో తెలియక యజమానులు ఆయనకు ఫోన్ చేసేవారు, ఆయన ఆ ఫోన్లన్నీ నా బల్ల మీదికి తోసేసేవారు. "మంచి ఇల్లు చూడండమ్మా" అనేవారు ఆ యజమానులు, అచ్చం ఆడపిల్ల తండ్రుల గొంతుతో. ఇల్లు చూసి పంపాక మాత్రం అది ఎలా ఉందని మళ్లీ ఎవరూ అడగరు. అందుకే ఆ యజమానులంటే నాకు ఒళ్లు మంట.

రేసు గుర్రం పరుగెత్తేది నాలుగైదేళ్లు. ఆ తర్వాత బతకాల్సిన కాలమే ఎక్కువ. మొయినాబాద్ వైపు తోటలున్నవాళ్లు కొందరు సాకడానికి తీసుకుంటారు. స్వారీ నేర్పేవాళ్లు తీసుకుంటారు. మాటలు సరిగా రాని పిల్లల్ని గుర్రం మీద కూర్చోబెట్టి భయం పోగొట్టే బడి ఒకటుంది, అక్కడికి రెండింటిని పంపాను. ఏదీ కుదరకపోతే చివరికి మిగిలేది బారాత్. బ్యాండు మోతలో, పటాకుల మధ్య, తారు రోడ్డు మీద పెళ్లికొడుకును మోయడం. గడ్డి మీద తప్ప పరుగెత్తని జంతువుకు అదేమీ సుఖమైన కాపురం కాదు. అయినా ఆకలితో చావడం కన్నా నయమని నాకు నేనే చెప్పుకుని పంపుతుంటాను.

మలక్‌పేట గుర్రపుశాలలో ఒక ముసలి సైసు ఉండేవాడు. సైసు అంటే గుర్రాన్ని కడిగి, మేపి, దాని పక్కనే పడుకునేవాడు. పాలమూరు నుంచి చిన్నప్పుడే కూలికి వచ్చి గుర్రాల్లో పడ్డాడు. దోమలగూడలో మురుగు నాలా పక్క బస్తీలో కొడుకు, కోడలితో ఉండేవాడు. రేసు పుస్తకంలో గుర్రానికి రాసే పేరు ఆయన ఎప్పుడూ పలకడు. ఆ పేరు పందేల వాళ్లదట, పలికితే దిష్టి తగులుతుందట. తను సాకిన ఆడగుర్రాన్ని "బిడ్డా" అనేవాడు, అంతే.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లిన రోజు వెనక నుంచి ఎవరో "బిడ్డా" అన్నారు. "ఆఁ తాతా" అని తిరిగాను. నాతోపాటే మూడు గదుల అవతల ఒక ఎర్రటి గుర్రం రెండు చెవులూ తిప్పి తల బయట పెట్టింది. "నిన్ను గాదు" అని ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వాడు. తర్వాత నన్ను కూడా బిడ్డా అనే పిలిచేవాడు. ఆయన పిలిచినప్పుడల్లా ఇద్దరం తిరిగేవాళ్లం, ఆయన అదే మాట అనేవాడు. ఆ వేళాకోళం మాకు ఎన్నడూ పాతబడలేదు.

ఆయన కళ్లు మసకబారుతున్న రోజుల్లోనే ఆ గుర్రాన్నీ, దాని జోడు అనదగ్గ ఇంకో ఆడగుర్రాన్నీ యజమాని ఒకేసారి వదిలించుకోవాలనుకున్నాడు. రెండింటిదీ ఒకే రంగు, ఒకే ఎత్తు. రెండింటి నుదుటి మీదా తెలుపు లేదు. నా దగ్గర రెండే సంబంధాలున్నాయి. ఒకటి మొయినాబాద్ తోట. రెండోది చిక్కడపల్లిలో బారాత్ గుర్రాలు నడిపే ఒక అన్న దగ్గర.

కంటి ఆపరేషన్‌కు పోయే ముందు ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నా బిడ్డను బారాత్‌కు ఇయ్యకు. సప్పుడంటే దానికి పానం పోతది. ఆ మాట నాకియ్యి" అన్నాడు.

ఇచ్చాను. రెండోదాని గురించి మాట అడిగేవాళ్లు లేరు, అందుకని అది చిక్కడపల్లికి.

"రెండిట్ల నీది ఏదని గుర్తుపట్టాలె తాతా?" అన్నాను, ఆయనతో మాట్లాడితే నాకూ ఆ యాసే వచ్చేస్తుంది.

"మెడ మీద జూలు కింద సుడి ఉంటది. నాదానికి ఎక్కే పక్క, దానికి అవుతలి పక్క."

"ఎక్కే పక్క అంటే ఎడమనే గదా?"

"ఆఁ, ఎడమ."

లారీ వచ్చిన రోజు ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు గుర్రాలూ గదుల్లోంచి తలలు బయట పెట్టి నిలబడ్డాయి. నేను ఎదురుగా నిలబడి జూలు ఎత్తి చూశాను. ఎడమ పక్క సుడి కనిపించినదాని మెడకు నీలం రిబ్బను కట్టి మొయినాబాద్ లారీ ఎక్కించాను. మాట నిలబెట్టుకున్నానని సంతోషంగా ఇంటికి వచ్చి తలంటు పోసుకున్నాను.

ఆపరేషన్ కలిసి రాలేదు. ముసలాయన చూపు పూర్తిగా పోయింది. నెలకోసారి వెళ్లి పలకరించేదాన్ని. మొయినాబాద్ నుంచి వచ్చిన ఫొటోలు చూసి ఆయనకు వినిపించేదాన్ని, చెట్టు కింద ఉంది తాతా, బలిసింది తాతా అని. ఆయన వాకిట్లో రాళ్ల పొయ్యి మీద ఉలవలు ఉడుకుతుండేవి. వాము, బెల్లం వేసి, గుర్రానికి పెట్టినట్టే. "గుర్రం లేదు, గాడిద లేదు, దినాం గిదే పని. పొగతోని నా కండ్లు గూడ పోతయి" అని కోడలు విసుక్కునేది. చల్లారాక పక్కింటి మేకలకు పోసేవాడు.

పెళ్లిళ్ల రోజులు మొదలయ్యాక ఆయన ఒకసారి ఫొటోల కబురు మధ్యలో ఆపేశాడు.

"సచ్చిపోయిందా బిడ్డా? నిజం జెప్పు."

"ఏంది తాతా ఆ మాటలు? మంచిగుంది."

"మరి గల్లీ మొగదల కొస్తున్నదేంది? బ్యాండు పోతాంటది. అండ్లకెల్లి దాని అడుగు ఆగిపోతది. ఎనక కుడికాలు జర ఆలస్యంగ పడ్తది, నాకెర్క లేదా? నిలబడి నన్ను జూస్తది. మల్ల పోతది."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, మనుషుల మీదా పెద్దగా లేదు. చెవి భ్రమ అన్నాను. కోడలు నన్ను పక్కకు తీసుకెళ్లి, ఆయన నాలుగైదుసార్లు చప్పుడు వెంట లేచి గోడ పట్టుకుని గల్లీ మొదటిదాకా పోయాడని చెప్పింది. అక్కడ నాలాకు గోడ కూలిపోయి ఉంది. "పిలుస్తున్నది, నేను పోవాలె అంటడు అక్కా. ఏమన్న అయితే ఎవరు జవాబు?" అంది. చచ్చిన గుర్రం తనను తోడు రమ్మంటోందని ఆయన నమ్మాడు. బతికే ఉందని ఆయన్ని నమ్మించాలి, లేకపోతే ఏదో ఒకరోజు నాలాలో తేలతాడు. మొయినాబాద్ తీసుకెళ్తానంటే, తను లేనప్పుడు అది వచ్చి పోతుందని ఇల్లు కదలనన్నాడు. నా మాట తప్ప నా దగ్గర సాక్ష్యం లేదు, గుడ్డివాడికి ఫొటోలు ఏం చూపను?

ఆ వారమే చిక్కడపల్లిలో బారాత్ అన్నను కలిశాను. రెండోది ఎలా ఉందని అడిగితే తెగ పొగిడాడు. "మొదట్ల బాగ బెదిరేది అక్కా. ఒక పెండ్లిల పటాకుల లడి దాని చెవుల కాడ్నే పేలింది, గప్పుడు మస్తు పరేషాన్ చేసింది. గా తర్వాత ఏందో గని బాంబు పేలినా కదలదు. దేవత లెక్క నిలబడ్తది."

అలవాటు పడింది, రెండో ఉద్యోగం కుదిరింది అని డైరీలో రాసుకున్నాను. అప్పుడు ఎంత తృప్తిపడ్డానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

"ఒక్కటే ఐబు. దోమలగూడ నాలా కాడ గల్లీ మొగదల కొస్తే ఆగిపోతది. లోపలికి మొకం బెట్టి జూస్తది. పెండ్లికొడుకు దిగాలె, నేను గుంజాలె. ఆడ ఏదో గాలి ఉన్నదంటరు అక్కా."

ఏ గల్లీ అని అడిగాను. చెప్పాడు. ముసలాయన గల్లీయే. అది రెండో గుర్రం కదా, దానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు కదా అనుకున్నాను. అయినా సిటీ లైబ్రరీ ముందు నుంచి గబగబా నడిచాను. చెట్టు కింద పుస్తకాలు పట్టుకుని తిరుగుతూ చదివే పిల్లల మధ్య, ఆటోల మధ్య, వెనకనుంచి ఒక కాలు ఆలస్యంగా పడుతున్నట్టు వినిపించి రెండుసార్లు తిరిగి చూశాను. ఏమీ లేదు.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, బ్యాండ్లు లేవు. హమ్మయ్య అనుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం ముసలాయన దగ్గరికి వెళ్లాను. తిన్నవాళ్లు తిని పడుకున్న వేళ. బస్తీలో కుక్కలు కూడా గోడల నీడలో చలనం లేకుండా ఉన్నాయి. ఉలవలు కుతకుత ఉడుకుతున్నాయి. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, ప్రయాణానికి తయారైనవాడిలా కూర్చున్నాడు.

"ఇప్పుడు పెండ్లిళ్లు లేవు గద తాతా. ఇంక రాదు" అన్నాను.

"దినాం వస్తనే ఉన్నది. బ్యాండు లేకుంట ఒక్కతే వస్తున్నది. విను."

విన్నాను. మొదట ఉలవల చప్పుడే. తర్వాత ఎక్కడో రాయి మీద ఇనుము తగిలింది. టక్, టక్, టక్. కాస్త ఆగి, టక్. నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. దాన్ని నడిపించేవాడి చెప్పుల చప్పుడు లేదు, అదిలింపు లేదు. గల్లీ మొదట్లో ఆగిపోయింది. ముసలాయన లేచి నిలబడ్డాడు.

 నాకు వేసింది భయమే, వేరే పేరు పెట్టను. అయినా ఆయన కర్ర లాక్కుని, "కూసో, నేను జూస్త" అని అరిచి, ఆయన్ని కోడలికి అప్పజెప్పి బయటికి నడిచాను.

గల్లీ మొదట్లో ఎండలో ఒక ఎర్రటి గుర్రం ఒంటరిగా నిలబడి ఉంది. జీను లేదు. మెడలో తెగిన తాడు వేలాడుతోంది. జూలుకు పాత పెళ్లి గులాబీ రంగు అక్కడక్కడా అంటి ఉంది, తల మీద అద్దాల పట్టీ మెరుస్తోంది. నావైపు చూడలేదు. ముక్కుపుటాలు పెద్దవి చేసి నా భుజం మీదుగా వాకిట్లోకి గాలి పీలుస్తోంది. చిక్కడపల్లి గుర్రమే, కట్టు తెంపుకుని వచ్చింది. ఇంతేనా అని ఊపిరి వదిలాను.

వెనక్కి తోలుకుపోదామని, ఎవరైనా నిలబడేటట్టే దాని ఎడమ భుజం పక్కన నిలబడి జూలు కింద చెయ్యి వేశాను. వేళ్లకు సుడి తగిలింది.

అలాగే ఉండిపోయాను. నా ముఖమూ దాని ముఖమూ ఒకే వైపు ఉన్నాయి. నా ఎడమా దాని ఎడమా ఒకటే. ఎక్కే పక్క ఇదే. ఆ రోజు లారీ దగ్గర నేను గుర్రానికి ఎదురుగా నిలబడి నా ఎడమ చూసుకున్నాను. గుర్రాల మధ్య పదేళ్లు తిరిగినదాన్ని, దాని ఎడమ ఎటో నా ఎడమ ఎటో ఆలోచించలేదు. సైసులు ఎడమ కుడి అనకుండా ఎక్కే పక్క అని ఎందుకంటారో, ఆయన మాటను నేను విప్పి ఎడమ చేసుకుని ఎంత పని చేశానో అప్పుడు తెలిసింది.

మొయినాబాద్ చెట్టు కింద బలుస్తున్నది ఎవరూ అడగనిది. బ్యాండు ముందు నడుస్తున్నది ఇది. అన్ని నెలలూ ఉలవల వాసన పట్టుకుని వచ్చి, గల్లీ మొదట్లో నిలబడి, గుంజితే పోయింది. చచ్చిపోలేదు తాతా అని నేను ప్రమాణాలు చేస్తున్నప్పుడు అది యాభై అడుగుల దూరంలో ఉంది. ఏడుపు వచ్చింది, నా మీద నాకే అసహ్యం వేసింది.

తాడు పట్టుకుని లోపలికి నడిపించుకు వచ్చాను. దారి చూపాల్సిన పని పడలేదు. కోడలు "అమ్మో" అని గోడకు అతుక్కుంది.

"తాతా, దయ్యం గాదు. పట్టుకో" అన్నాను.

ఆయన చెయ్యి గాలిలో వెతికి మెడ మీద పడింది. జూలు కిందికి పోయింది, సుడి దగ్గర ఆగింది. బొటనవేలితో దాని చుట్టూ రెండుసార్లు రాశాడు. తర్వాత తాడు మీద, అద్దాల పట్టీ మీద, రంగుకు అట్టకట్టిన వెంట్రుకల మీద తడిమాడు. నేను ఏమీ చెప్పకముందే ఆయనకు అంతా తెలిసిపోయింది.

"మాట తప్పలే నువ్వు. పక్క తప్పినవ్" అన్నాడు.

తిట్టినా బాగుండేది. గుర్రం పొయ్యి దగ్గరికి వెళ్లి, కోడలు మొదటి వాయి తీసి ఆరబెట్టిన తట్టలో మూతి పెట్టి ఉలవలు తినసాగింది. ఆయన నాలుగడుగులు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. మలక్‌పేటలో మూడు గదుల అవతల నుంచి పిలిచిన గొంతుతోనే పిలిచాడు.

"బిడ్డా."

గుర్రం తింటూనే ఉంది. చెవి కదలలేదు.

"బిడ్డా!" ఈసారి గట్టిగా. మేకలు బెదిరి లేచాయి. ఎర్రటి చెవులు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. బాంబు పేలినా కదలదు అక్కా అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. పటాకుల లడి పేలిన రోజే ఈ పిలుపు దానికి వినపడకుండా పోయింది.

ముసలాయన తల పక్కకు వంచి జవాబు కోసం వింటున్నాడు. అది తిరిగిందో లేదో ఆయనకు కనిపించదు. మూడోసారి పిలిచాడు, చాలా మెల్లగా.

"ఆఁ తాతా" అన్నాను నేను.

నిన్ను గాదు అంటాడని చూశాను. అనలేదు.