ఖాకీ కోటుతో మొదటి రోజు

ఈ రోజే కొలువులో చేరాను. ఇబ్రహీంపట్నం దవాఖానలో పెద్ద గుమాస్తా నా మొహమైనా చూడకుండా ఒక ఖాకీ కోటు, టీకాల పెట్టె చేతిలో పెట్టి, "మంచాల ఊర్ల గత్తరొచ్చింది, పో" అన్నాడు. కలరా ఊరికి పోయే కొత్తవాడికి చెప్పింది అంతే.

ఊళ్ళో అడుగుపెట్టగానే తలుపులు మూసుకున్నాయి. జనం చేలకు అడ్డంపడి ఉరికారు. మొన్నటిదాకా రజాకార్లు, ఇప్పుడు మిలిటరీ. ఖాకీ కనిపిస్తే ఉరకడం వాళ్ళకు అలవాటైపోయింది. పరుగెత్తలేని ఒక ముసలమ్మ మాత్రం గడపలో కూర్చుని చేతులు జోడించింది.

"దొరా, ఇంట్ల గింజ లేదు. మొగోళ్లు కూడ లేరు."

"అవ్వా, దవాఖాన నుంచి వచ్చిన. గత్తర రాకుండ సూదేస్త."

"అయితే గా కోటు ఇప్పు."

విప్పాను. నా చిరుగుల బనీను చూసి, "మా పిల్లగాని లెక్కనే ఉన్నవ్ బిడ్డా" అంటూ చెయ్యి చాపింది.

సాయంత్రందాకా వేసిన టీకా అదొక్కటే. పక్కింట్లో ఎవరో వాంతులు చేసుకుంటున్నారు. ఎంత బతిమాలినా తలుపు తీయలేదు.

తిరిగొచ్చి చెబితే గుమాస్తా, "కోటు లేకుంటే డ్యూటీ చేసినట్టు కాదు" అన్నాడు.

రేపు మళ్ళీ అక్కడికే. కోటు వేసుకుంటే ఊరు పారిపోతుంది, విప్పితే కొలువు పోతుంది. మీరైతే ఏం చేస్తారో చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి, ఆ తలుపు వెనక వాంతులు ఆగిపోకముందే.