అడగకుండా సర్దిన మూడు తండాలు

పన్నెండేళ్ల కిందట, జూన్ మూడో సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నేను దావీదు సార్ కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్నాను. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఈ ఉదయం ఆ పాత యంత్రాన్నే ఆన్ చేస్తే అదే వాసన. ఫ్యాను గురగురమంటోంది. నా మోకాళ్లలాగే అదీ అలసిపోయింది.

అప్పటికి నేను టైపిస్టుగా రిటైరై రెండు నెలలు. సార్ రిటైరైన లెక్కల మాస్టారు. బాన్సువాడ బస్టాండు వెనక ఒక కిరాయి గది తీసుకుని, పుట్టిన తేదీ కాగితం లేని ముసలివాళ్లకు వయసు లెక్కగట్టి రాసిచ్చేవారు. వయసు తేలితే తప్ప వాళ్ల పింఛను దరఖాస్తు కదలదు. వివరాలన్నీ కంప్యూటర్‌లో దాచేవారు. దానికి ఆయన వాడింది రిటైరయ్యే ముందు నేర్చిన లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష. తెరంతా బ్రాకెట్లే.

"తెరిచినన్ని మూయాలె. గంతే," అన్నారు. లెక్కపెట్టడం నాకు కష్టం కాదు. కష్టమనిపించింది ఆయన రెండో పాఠం. ఏ ఫైలు జోలికి వెళ్లే ముందైనా ప్రోబ్-ఫైల్ అనే ఆదేశంతో, అది అక్కడ ఉందా అని అడగాలి. ప్రతిసారీ ఎందుకని విసుక్కున్నాను.

"ఎవరింటికన్న పోతే బయట నిలవడి పిలుస్తమా లేదా? గిదీ గంతే, సావిత్రమ్మా."

తండాల్లో కూడా ఆయన అలాగే నిలబడేవారు. నస్రుల్లాబాద్ దగ్గరి తండాలో సోమ్లీబాయి అనే ముసలావిడ గుమ్మం ముందు ఆగి, పిలిచి, ఆమె రమ్మన్నాకే లోపలికి వెళ్లారు. నువ్వు పుట్టినప్పుడు ఏ పని నడుస్తోందని అడిగారు.

"వరి కోతలని మా యాడి చెప్పేది."

యాడి అంటే లంబాడీ భాషలో అమ్మ. మీ తమ్ముడు నీకంటే ఎంత చిన్న, నీ పెళ్లినాటికి ఏ బావి తవ్వుతున్నారు, మొదటి కాన్పు ఏ కరువులో అని అడుగుతూనే ఉన్నారు.

"గిన్ని అడుగుతున్నవ్, పెండ్లి సంబంధం తెచ్చినవా ఏంది సారూ?" అని ఆమె పక్కింటావిడకు కన్నుగీటింది. సార్ తల ఎత్తకుండానే, "పిల్లగాని వయసు గూడ తేలాలె గద," అన్నారు. పది జవాబులు కలిపితే ఒక సంవత్సరం తేలేది. నేను టైపు చేసుకున్నాక కాగితం వాళ్లకే ఇచ్చేసేవాళ్లం. వాళ్ల పుట్టుక వాళ్ల ఇంట్లోనే ఉండాలని ఆయన పట్టుదల.

కంప్యూటర్‌లో ఊరికొక డైరెక్టరీ, అంటే ఫోల్డరు, పెట్టాం. బీర్కూర్, నస్రుల్లాబాద్, పెద్ద కొడప్‌గల్. ఒక్కొక్క దానిలో ఒక్కో తండా ఫైలు. ఎక్కడివాళ్లయినా "తండాకు పోతున్న" అంటారే తప్ప పూర్తి పేరు చెప్పరు. నేనూ మూడు ఫైళ్లకూ "తండా" అనే పేరు పెట్టాను. మూడో ఏడు, ఒక శుక్రవారం మధ్యాహ్నం, మూడింటినీ ఒకే డైరెక్టరీలోకి చేరుద్దామని రీనేమ్-ఫైల్ అనే ఆదేశంతో జరిపాను. అక్కడ అదే పేరుతో ఒకటి ఉంటే, మా యంత్రం మారుమాట లేకుండా దాన్ని తుడిచేసి కొత్తదాన్ని పెడుతుంది. నస్రుల్లాబాద్ వచ్చి బీర్కూర్‌ను తుడిచింది. పెద్ద కొడప్‌గల్ వచ్చి నస్రుల్లాబాద్‌ను తుడిచింది. నేను చూసుకోలేదు. పెన్‌డ్రైవ్‌లోని పాత కాపీ చెరిపి, కొత్తది ఎక్కించి, ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను.

సోమవారం తెలిసింది. సార్ డైరెక్టరీ తెరిచారు, ఒక్క ఫైలే ఉంది.

"అడగలేదా?"

"అడగలే సార్."

సార్ లేచారు. చెప్పులు వేసుకున్నారు. "నడువు. బీర్కూర్ బస్సు పదకొండింటికి."

అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిది. నాలుగు నెలలు తిరిగాం. కొన్ని ఇళ్లలో కాగితాలు దొరికాయి. కొందరు మళ్లీ చెప్పారు. సోమ్లీబాయి మంచం దిగలేదు. కాగితం అడిగితే, ఇల్లు కురిసి నానిపోయిందన్నది. సార్ మొదటినుంచీ అడిగారు. ఆమెకు తమ్ముడి పేరు కూడా గుర్తుకు రాలేదు.

"నేనెప్పుడు పుట్టిన్నో నీకే ఎరుక గద సారూ. గప్పుడు రాసుకపోతివి. ఇగ నాకెందుకని ఇడిసిపెట్టిన."

సార్ నా వైపు చూడలేదు. వరి కోతలన్న మాట నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుంది. ఏ ఏటి కోతలో ఇద్దరికీ గుర్తు లేదు. తిరుగు బస్సులో ఆయన కళ్లు మూసుకునే కూర్చున్నారు.

మర్నాడు ప్రోగ్రాములో ఒక షరతు చేర్చారు: అక్కడ ఆ పేరుతో ఫైలుంటే ఆగిపో, మనిషిని అడుగు. ఆయన పోయి ఆరేళ్లు. ఈ ఉదయం కూడా అది ఆగింది, నన్ను అడిగింది. నేను బ్రాకెట్లు లెక్కపెట్టి, చూసి, జవాబిచ్చాను. ఇప్పుడు సొంత చెల్లెలి ఇంటికి వెళ్లినా గుమ్మం బయటే నిలబడి పిలుస్తాను. నవ్వుతారు. నవ్వనీ.

తుడిచిపోయిన బీర్కూర్ ఫైలులో ఇరవై ఏడుగురు, నస్రుల్లాబాద్ ఫైలులో ముప్పై నలుగురు. మొత్తం అరవై ఒక్కరు. కాగితాలతో దొరికినవారు ఇరవై ఇద్దరు. మళ్లీ చెప్పినవారు పద్దెనిమిది మంది. మేము వెళ్లేలోపు చనిపోయినవారు పద్నాలుగురు. బతికి ఉండీ చెప్పలేకపోయినవారు ఏడుగురు, సోమ్లీబాయితో కలిపి.