ఆపిల్ చెట్టు గడ్డానికి ఎర్రదారం

మా పొరుగింటి జునిల్దా కార్కమోకి పనికిమాలిన ప్రశ్నలు ఎక్కువ. మా చిలోయే దీవిలో ఆపిల్ చెట్లకు వేలాడే బూడిదరంగు గడ్డాన్ని, అదే లైకెన్ అనే నాచులాంటి దాన్ని, అందరం చూస్తూనే పెరిగాం. అది ఏడాదికి ఎంత పెరుగుతుందని అడిగింది మాత్రం ఆమె ఒక్కతే. అడిగి ఊరుకోలేదు. పదకొండేళ్ల కిందట వాకిట్లో చెట్టు మీద ఒక పోగు కొసన ఎర్ర ఉన్నిదారం కట్టింది.

గొర్రె ఉన్నికి గోధుమరంగు వేయడం ఆమె బతుకుతెరువు. ఈ గడ్డాన్ని ఉడికిస్తేనే ఆ రంగు వస్తుంది. రంగులు వేసే మా ఆడవాళ్లకు ఒక పట్టింపు ఉంది: చెట్టు మీదిది పీకకూడదు, గాలి రాల్చిందే ఏరుకోవాలి. గాలివాన వెలిసిన మర్నాడు మేమంతా ఇంటి కప్పులు చూసుకుంటుంటే, జునిల్దా బుట్టతో తోటలో ఉంటుంది.

ఆమె మరిది అబ్దోన్‌కి ఆ గడ్డం కంట్లో నలుసు. చెట్ల రసమంతా అదే పీల్చేస్తోందని, అందుకే చిచా సారాకి కాయలు చాలడం లేదని అతని వాదన. రెండేళ్ల కిందట వాళ్ల ఉమ్మడి తోటలో మూడు చెట్లను నున్నగా గీకి సున్నం కొట్టాడు. చుట్టుపక్కల పాత తోటలు ఎప్పుడో నరికేశారు. మొన్న ఆదివారం మిగిలిన ఒక్క చెట్టు కోసం, ఆ ఎర్రదారం చెట్టు కోసం, గీకడానికి కత్తి పట్టుకుని వచ్చాడు. అదీ పోతే జునిల్దా రంగుకుండ బోర్లించుకోవలసిందే.

లైకెన్‌ల లెక్క రాసుకోవడానికి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నయాదెత్ అనే అమ్మాయి అప్పుడు వాకిట్లో నా పక్కనే కూర్చుని మాతే ఆకుల టీ తాగుతోంది.

"అమ్మాయ్, ఇది అంతరించిపోయే జాబితాలో ఉందా?" అన్నాడు అబ్దోన్.

"లేదండీ. సగం ప్రపంచంలో ఉంది. ప్రమాదం లేదనే రాస్తాం."

"విన్నావా వదినా? ప్రపంచమంతా ఉందట. మన చెట్టుది పోతే కొంపేం మునగదు."

"కోళ్లూ ప్రపంచమంతా ఉన్నాయి. నీ కోడిని కోసెయ్యనా?"

నయాదెత్ నవ్వాపుకుంది. "ఇది చెట్టు రసం తాగదండీ. వాననీళ్లు, ఎండ, గాలి చాలు దీనికి. ముసలి చెట్టుకి ఆకు పలచబడి వెలుతురు తగిలితే ఇంకా పెరుగుతుంది. పొగ మాత్రం పడదు."

"ఏం అబ్దోన్, గీకిన మూడిటికీ కాపు పెరిగిందా?" అంది జునిల్దా.

పెరగలేదని అతని చిచా పీపాలు చూసిన మా అందరికీ తెలుసు.

జునిల్దా అతన్ని కొమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. దారం వెలిసిపోయింది. దాని కింద పెరిగిన పోగు ఆమె చూపుడువేలంత ఉంది.

"అన్నయ్య చనిపోయిన ఏడు కట్టావు కదూ వదినా. పదకొండేళ్లకి ఇంతేనా?"

"ఇంతే."

అబ్దోన్ తన వేలు పెట్టి రెండుసార్లు కొలిచాడు. పక్కనే మూరెడు గడ్డం వేలాడుతోంది. "అయితే ఇది మా అమ్మ రంగు కాచిన నాటిదే."

"అంతే మరి."

"నేను గీకిన వాటికి మళ్లీ ఇంత ఎప్పుడొస్తుంది?"

"మనం చూడంలే."

అతను కత్తి కింద పెట్టి ఒక దారం అడిగాడు. జునిల్దా ఎర్రదే తెంపి ఇచ్చింది. మూడు చెట్ల చుట్టూ తిరుగుతూ, కళ్లు చికిలించి బెరడంతా వెతికాడు. నాకు అతని మీద మొదటిసారి జాలేసింది. కట్టడానికి ఒక్క పోగూ దొరకలేదు. దారం జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.